చెవికెక్కే మాట: ఆడియో పుస్తకాల ఎంపికలో ఆన్‌లైన్ పాఠక బృందాలు

కాగితం పుస్తకాన్ని ఎంచుకునేటప్పుడు మనం అనుకోకుండానే చాలా పరీక్షలు చేస్తాం. దుకాణంలో నిలబడి నడుమన ఒక పేజీ తెరిచి నాలుగు వాక్యాలు చదువుతాం, అక్షరాలు కళ్లకు ఆనుతున్నాయో లేదో చూస్తాం, ముందుమాట ఎవరు రాశారో గమనిస్తాం, మనసుకు పట్టకపోతే తిరిగి అరలో పెట్టేస్తాం. ఇదంతా రెండు నిమిషాల పని. ఆడియో పుస్తకంతో ఇది కుదరదు. నమూనాగా వినిపించే కొద్ది నిమిషాలను బట్టి, చదివేవారి గొంతు నాలుగో గంటలో ఎలా ఉంటుందో ఊహించలేం. ఇంగ్లిష్‌లో ఆడియో పుస్తకాలు తయారుచేసేవారు గంటకు సుమారు 9,300 పదాలని లెక్క కడతారు కనుక, 90 వేల పదాల నవల వినడానికి దాదాపు పది గంటలు పడుతుంది. కన్ను పేజీలు దాటుకుంటూ పోయినట్టు చెవి పోలేదు. ఇంత సమయాన్ని ముందుగానే అప్పగించాల్సి వచ్చినప్పుడు, అప్పటికే విన్నవారి మాట కోసం మనిషి వెతుక్కుంటాడు.

ఆ విన్నవారు ఇప్పుడు ఎక్కువగా ఫోన్‌లోనే దొరుకుతున్నారు. ఫేస్‌బుక్ సమూహాలు, వాట్సాప్, టెలిగ్రామ్ బృందాలు, పాఠకులు పుస్తకాలకు రేటింగులిచ్చే గుడ్‌రీడ్స్ వంటి వేదికలు, పుస్తకాల గురించి మాట్లాడే యూట్యూబ్ చానళ్లు ఈ కోవలోకి వస్తాయి. బృందం ఒక పుస్తకం బాగుందంటే సభ్యులు దాన్ని వింటారనే సూటి లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. అది సగమే నిజమని నా అభిప్రాయం. ఏ పుస్తకం వినాలన్న ప్రశ్న మీద బృందాల పట్టు మనం అనుకున్నంత లేదు; ఎవరి గొంతు, ఎంత నిడివి, ఏ పని చేసుకుంటూ, ఎవరితో కూర్చుని అన్న ప్రశ్నల మీద మాత్రం మనం అనుకున్నదానికంటే ఎక్కువ ఉంది. ఈ తేడాను పట్టించుకోకపోతే చిక్కుముడి విడిపోదు.

ముందు రేటింగుగా ఇచ్చే నక్షత్రాల సంగతి చూద్దాం. గుడ్‌రీడ్స్‌లో ఒక రచనకు ఉన్న ముద్రణలన్నింటి రేటింగులూ ఒకే చోట కలుస్తాయి. అట్ట పుస్తకం చదివినవారి నక్షత్రాలు, ఈ-బుక్ చదివినవారివి, ఆడియో విన్నవారివి కలిసి ఒకే సగటుగా కనిపిస్తాయి. ఆ సగటు రచన గురించి ఎంతో కొంత చెబుతుందేమో గానీ గొంతు గురించి ఏమీ చెప్పదు. ఆడియో పుస్తకాలు అమ్మే ఆడిబుల్ ఈ లోపాన్ని గుర్తించినట్టే ఉంది. అక్కడ మొత్తం మీద ఎలా ఉంది, చదివిన తీరు ఎలా ఉంది, కథ ఎలా ఉంది అని మూడు వేర్వేరు రేటింగులు అడుగుతారు. ఒకే పుస్తకానికి కథలో ఎక్కువ, చదివిన తీరులో తక్కువ వచ్చిందంటే, దాన్ని కాగితం మీద చదువుకోవడమే మేలని వినేవారు చెప్పకనే చెప్పినట్టు. పక్కమాటగా ఒక విషయం: ఆడిబుల్‌ను అమెజాన్ 2008లో, గుడ్‌రీడ్స్‌ను 2013లో కొనుగోలు చేసింది. పాఠకులు స్వేచ్ఛగా కబుర్లు చెప్పుకునే అరుగు, పుస్తకాలు అమ్మే దుకాణం ఒకే యజమాని చేతిలో ఉన్నాయన్న ఎరుకతోనే ఆ సగటులను చూడటం మంచిది.

రేటింగుల ప్రభావం ఎంతటిదో తేల్చిన ప్రయోగాలు పుస్తకాల మీద కాకపోయినా వాటిలోని తర్కం ఇక్కడికి సరిపోతుంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన సాల్గానిక్, డాడ్స్, వాట్స్ 2006లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో 14 వేలకు పైగా మంది పాల్గొన్నారు. పెద్దగా ఎవరికీ తెలియని సంగీత బృందాల 48 పాటలను వారి ముందుంచారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగతావారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో చూపించారు. పక్కవారి ఎంపిక కనిపించిన గుంపుల్లో గెలిచిన పాటలకూ ఓడిన పాటలకూ మధ్య అంతరం బాగా పెరిగింది. అంతకంటే ఆసక్తికరమైన విషయం, ఒక గుంపులో గెలిచిన పాట ఇంకో గుంపులోనూ గెలవాలన్న నియమం కనిపించలేదు. మరీ మంచివి అట్టడుగుకు పోవడం, మరీ నాసివి పైకి రావడం అరుదే. నడుమ ఉన్నవాటి రాత మాత్రం తొలి కొద్దిమంది అటో ఇటో మొగ్గడాన్ని బట్టి మారిపోయింది. 2013లో అదే పత్రికలో వచ్చిన మరో ప్రయోగంలో, ఒక వార్తల వేదిక మీది వ్యాఖ్యలకు పరిశోధకులు యాదృచ్ఛికంగా తొలి మెప్పు ఒకటి జోడిస్తే, చివరికి వాటి సగటు 25 శాతం దాకా పెరిగింది. తొలి తిరస్కారాన్ని మాత్రం తర్వాత వచ్చినవారు చాలావరకు సరిదిద్దారు.

దీన్ని తెలుగుకు అన్వయిస్తే సంగతి మరింత తీవ్రంగా కనిపిస్తుంది. ఆడియో వేదికలలో స్టోరీటెల్ 2017లో, ఆడిబుల్ 2018లో భారతదేశానికి వచ్చాయి. కుకు ఎఫ్‌ఎం, పాకెట్ ఎఫ్‌ఎం 2018లో ఇక్కడే పుట్టాయి. తెలుగు శ్రవణ పుస్తకాల కోసమే నడిచే దాసుభాషితం వంటి యాప్‌లూ ఉన్నాయి. అయినా ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగు శీర్షికలు తక్కువ, వాటి మీద అభిప్రాయం రాసేవారు ఇంకా తక్కువ. వేలమంది రేటింగ్ ఇచ్చిన ఇంగ్లిష్ నవల దగ్గర ఒక కొత్త వ్యాఖ్య సముద్రంలో చినుకు. ఐదుగురు మాట్లాడిన తెలుగు పుస్తకం దగ్గర ఆరో మనిషి మాట తీర్పులా నిలుస్తుంది. పైగా ఆ మాట చాలాసార్లు వాయిస్ మెసేజ్‌గానో రోమన్ లిపిలో టైపు చేసిన తెలుగుగానో ఉంటుంది కనుక వెతికినా దొరకదు. ఆ రోజు ఆ బృందంలో ఉన్నవారికే దక్కుతుంది.

హనుమకొండలోని అలాంటి ఒక వాట్సాప్ బృందంలో నేనూ సభ్యుణ్ణే. ఒక శనివారం రాత్రి అందులో ఒకరు ఇలా అడిగారు: “సార్, రేపు పొద్దుగాల కార్ల ఆదిలాబాద్ పోతున్నం. అమ్మ, పిల్లలు గూడ ఉంటరు. అందరం కలిసి ఇనేటట్టు ఏమన్నుంటె జర చెప్పుండ్రి.” రిటైరైన ఉపాధ్యాయుడొకాయన వెంటనే పేరున్న నవల ఒకటి సూచించారు. ఊళ్లు తిరిగే మెడికల్ రెప్ ఒకరు అడ్డుపడ్డారు: “మంచి నవలనే సార్, కాదంట లేను. గని సదివినామె గొంతు జోకొట్టినట్టుంటది. బండి నడిపేటోళ్లకు మాత్రం వద్దు.” మొదటి గంట ఓపిక పడితే తర్వాత ఆపబుద్ధి కాదని ఇంకొకరు అన్నారు. పిల్లలుంటే అందులో ఒకటి రెండు ఘట్టాలు ఇబ్బందిగా ఉంటాయని ఒక మేడం వాయిస్ మెసేజ్ పెట్టారు. చివరికి అడిగినాయన నవలను వదిలేసి ఇరవై నిమిషాలకొకటిగా ముగిసే కథల సంపుటి తీసుకున్నారు. చాయ్ కోసం ఆగినప్పుడు కథ నడుమ తెగకుండా ఉంటుందన్నది ఆయన లెక్క. మర్నాడు రాత్రి ఆయన పెట్టిన సమాచారం క్లుప్తంగా ఉంది: “అమ్మకు రెండు కథలు మస్తు నచ్చినై. పిల్లలు నిర్మల్ దాకనే పండుకున్నరు.”

ఈ చిన్న సంభాషణలో పుస్తకం సాహిత్య విలువ గురించి ఎవరూ వాదించుకోలేదు. నవల మంచిదేనని అందరూ ఒప్పుకున్నారు. ఎంపికను తిప్పింది గొంతు, ప్రయాణం, కారులో ఎవరున్నారన్న సంగతి, ఎక్కడ ఆపవచ్చన్న వెసులుబాటు. నక్షత్రాల సగటు వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. చదవడం ఏకాంతంగా సాగే పని అయితే వినడం చాలామందికి వేరే పనితోనో వేరే మనుషులతోనో జతపడి సాగుతుంది. కాబట్టి సలహాలోకి ఆ పని, ఆ మనుషులు కూడా వచ్చి చేరతారు. వంట చేస్తూ వినడానికి సరిపోయే పుస్తకం వేరు, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో ఉద్యోగానికి పోయి వచ్చే సీజన్ టికెట్ ప్రయాణికుడికి సరిపోయేది వేరు. ఈ తేడా ఎరిగిన మనిషే బృందంలో పలుకుబడి గలవాడవుతాడు. పెద్ద మాధ్యమాల మాట నేరుగా జనానికి చేరదని, ముందు చుట్టుపక్కల నలుగురూ నమ్మే కొద్దిమందికి చేరి వారి ద్వారా మిగతావారికి పాకుతుందని సామాజిక శాస్త్రవేత్తలు ఎలిహు కాట్జ్, పాల్ లాజర్స్‌ఫెల్డ్ 1955లో వివరించారు. మా బృందంలో ఆ కొద్దిమంది సాహిత్య విమర్శకులు కారు. రోజుకు మూడు నాలుగు గంటలు రోడ్ల మీద గడిపే ఆ మెడికల్ రెప్ లాంటివారు. ఎక్కువ చదివినందుకు కాదు, ఎక్కువ విన్నందుకు వారి మాట చెల్లుతుంది. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాలు పాఠకులను తయారుచేసిన ఊళ్లో, సలహా చెప్పే అధికారం పుస్తకాల అరల దగ్గరి నుంచి రోడ్డెక్కడం నాకు వింతగానూ ఉంది, న్యాయంగానూ ఉంది.

డబ్బు కట్టే పద్ధతి కూడా బృందం మాటకు బరువు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. ఈ కోణాన్ని చాలామంది పట్టించుకోరు. నెలకొక క్రెడిట్, అంటే ఒక పుస్తకం తీసుకునే వీలు, ఇచ్చే ఆడిబుల్ పద్ధతిలో ఎంపిక తప్పితే ఆ నెల వృథా అయిందన్న బాధ ఉంటుంది. కాబట్టి ముందు నలుగురినీ అడుగుతారు, పైగా ఒక్క క్రెడిట్‌కు ఎక్కువ గంటలు రావాలని పొడవైన పుస్తకాల వైపు మొగ్గుతారు. చందా కట్టి ఎన్నైనా వినగల యాప్‌లలో అంత జాగ్రత్త అక్కర్లేదు, పావుగంట విని వదిలేయవచ్చు. అక్కడ బృందం పని పేర్లు అందించడంతో సరి. యాప్‌లోనే నాణేలు కొని ఎపిసోడ్ల తాళం తీసుకునే ధారావాహికల తీరు మరోలా ఉంటుంది. ఎంపిక ఒక్కసారితో తెగదు. ప్రతి ఎపిసోడ్ చివరా మళ్లీ తేల్చుకోవాలి. అలాంటివారు బృందంలో అడిగేది “బాగుందా” అని కాదు, “ముందుకు పోతే ఏమన్నా ఉన్నదా, ఊకె సాగదీస్తున్నరా” అని. వంద ఎపిసోడ్లు విన్నవారు “ఇక్కడ ఆపేయుండ్రి” అని ఇచ్చే సలహాకు రూపాయల్లో విలువ ఉంది. మొదలుపెట్టించడంలో కంటే ఆపడానికి ధైర్యం ఇవ్వడంలోనే బృందాలు ఎక్కువ మేలు చేస్తున్నాయని నేననుకుంటాను.

అయితే ఒకే బృందంలోని పదిమంది ఒకే పుస్తకం విన్నంత మాత్రాన అది బృందం ప్రభావమేనని తేల్చేయకూడదు. ఒకే రుచి ఉన్నవారే ఒక చోట చేరారేమో. బృందం లేకున్నా వారంతా అదే వినేవారేమో. లేదా రచయితకు పురస్కారం వచ్చి పత్రికలన్నీ రాశాయేమో. ఒకరి మాట వల్ల మరొకరు మారడం, ముందే ఒకే తీరువారై ఉండటం, బయటి కారణం అందరినీ ఒకేసారి తాకడం పైకి ఒకేలా కనిపిస్తాయి. మామూలు పరిశీలనతో వీటిని విడదీయడం సామాజిక సంబంధాల పరిశోధకులకే ఎడతెగని చిక్కు. జనాన్ని యాదృచ్ఛికంగా గుంపులు చేసిన ఆ పాటల ప్రయోగానికి అంత విలువ రావడానికి కారణం ఇదే. మనబోటివారికి అందుబాటులో ఉన్న మోటు కొలత ఒకటుంది: మనిషి తన అలవాటుకు ఎడంగా ఉన్నదాన్ని విన్నాడా అని చూడటం. చరిత్ర తప్ప ఇంకేమీ ముట్టని మనిషి ఎవరో చెప్పారని కథలు వింటే అది ప్రభావం. చరిత్ర వినేవాడు ఇంకో చరిత్ర పుస్తకం వింటే దాని ఘనత బృందానికి కట్టబెట్టలేం.

ఈ కొలతకు నిలిచే ప్రభావం ఉత్తర తెలంగాణ బృందాలలో నాకు బాగా కనిపించేది యాస దగ్గర. ముద్రిత పుస్తకంలో సంభాషణ తెలంగాణ తెలుగులో ఉంటే చదువరి తన ఇంటి గొంతుతో, తన ఊరి సాగదీతతో మనసులో చదువుకుంటాడు. ఆడియోలో ఆ స్వేచ్ఛ పోయి చదివేవారి గొంతే మిగులుతుంది. వార్తలు చదివే పద్ధతికి అలవాటుపడిన గొంతు “ఏడికి పోతున్నవ్ బిడ్డా” అన్న తల్లి మాటను ప్రకటనలా ఒత్తి పలికితే అక్షరం తప్పుపోదు, తల్లి మాత్రం మాయమవుతుంది. ఇటువంటి చోట బృందంలో వచ్చే స్పందన ఏ నక్షత్రాల సగటులోనూ కనిపించనంత ఘాటుగా ఉంటుంది. రచయిత మీద ఎంత అభిమానం ఉన్నా ఆడియోను పక్కన పెట్టి పుస్తకమే తెప్పించుకోమని చెబుతారు. ఇందుకు విరుద్ధంగా, పేరు వినని రచయిత కథలను కేవలం “మనోళ్ల గొంతు” అన్న ఒక్క మాట మీద పదిమంది వినడమూ జరుగుతుంది.

ఇందులోనూ ఏకాభిప్రాయం లేదు. సినిమాల నుంచి దిగుమతి అయిన కృత్రిమ తెలంగాణ యాసతో చదవడం కంటే నిదానమైన శిష్ట పఠనమే నయమని పెద్దవారు కొందరు వాదిస్తారు, వారి మాటను తీసిపారేయలేం. వరంగల్ పలుకుబడి ఒకటి, నిజామాబాద్‌ది ఒకటి, మరాఠీ సరిహద్దున ఉన్న ఆదిలాబాద్‌ది ఇంకొకటి అయినప్పుడు ఏది సరైన యాస అని ఎవరు తేలుస్తారన్న ప్రశ్నా ఉంది. అయినా ఈ ప్రాంతపు శ్రోత గొంతు విషయంలో ఇంత పట్టుదలగా ఉండటం ఆశ్చర్యం కాదు. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి ఒగ్గుకథకుల గొంతులు విని, రాత్రి పొడుగునా కథ నడిపేవాడి దమ్ము ఎక్కడ తగ్గిందో పసిగట్టిన పెద్దల ఇళ్లలో పెరిగినవారు వీరు. ఆడియో పుస్తకాన్ని వారు పుస్తకానికి నకలుగా కాక, కథ చెప్పడంగా చూస్తారు. రాసినవారి ప్రతిష్ఠ చదివినవారిని కాపాడలేదు.

చూపులేని పాఠకుల బృందాల మాట ఇక్కడ తప్పక చెప్పాలి, ఎందుకంటే అందరికంటే ముందు నుంచి చెవితో చదువుతున్నది వారే. 2012 కాపీరైటు సవరణ తర్వాత వైకల్యం ఉన్నవారి కోసం పుస్తకాలను అందుబాటు రూపాల్లోకి మార్చుకోవడానికి చట్టం దారి ఇచ్చింది. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. వారిలో అలవాటున్నవారు తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ యాంత్రిక స్వరాన్ని మామూలు వేగానికి రెట్టింపుతోనైనా వింటారు. వారి సలహాలో భావోద్వేగం తక్కువ, సమాచారం ఎక్కువ: అధ్యాయాల విభజన సరిగా ఉందా, పేజీ అడుగున ఉండే అధోజ్ఞాపికలు చదివారా, వేగం పెంచితే మాట ముద్దకడుతుందా. చూపున్న శ్రోతలు ఈ ప్రశ్నలు వారి దగ్గర నేర్చుకుంటే బాగుపడతారు.

బృందాల ప్రభావం గురించి ఇంత మాట్లాడుతున్నప్పుడు వాటిలో లేనివారిని మరచిపోతాం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసే మహిళల చేతులు క్షణం తీరిక లేకుండా ఉంటాయి, చెవులు మాత్రం ఖాళీ. ఒకరి ఫోన్ నడుమ పెట్టుకుని నలుగురు కలిసి ధారావాహిక వింటున్నప్పుడు ఏది పెట్టాలన్నది ఆ అరుగు మీదే తేలుతుంది; “గది వద్దక్కా, నిన్నటిది పెట్టు” అన్న మాటతో ఎంపిక ముగుస్తుంది. ఈ పద్ధతి ప్రపంచానికి కొత్త కాదు. 1865లో క్యూబాలోని హవానాలో చుట్టల కార్ఖానాలలో కార్మికులు తమ కూలి డబ్బుల్లోంచి తలా కొంత వేసుకుని, పని చేస్తుండగా బిగ్గరగా చదివి వినిపించడానికి మనిషిని పెట్టుకున్నారు. ఏ నవల చదవాలో వారే ఓట్లు వేసి తేల్చుకునేవారు. ఆ పఠనానికి భయపడి స్పెయిన్ వలస ప్రభుత్వం మరుసటి ఏడాదే నిషేధించింది, అయినా ఆ అలవాటు పోలేదు. పొగాకు పని చేసే చేతులు, వినే చెవులు, కలిసి ఎంచుకోవడం అనే ఈ జోడింపు అంత దూరంలోనూ ఇక్కడా కనిపిస్తోంది గానీ, ఆడియో పుస్తకాల గురించి మాట్లాడే ఏ ఆన్‌లైన్ బృందంలోనూ ఈ శ్రోతల అభిప్రాయం నమోదు కాదు.

నమోదైన అభిప్రాయంలోనూ ఒక వంకర ఉంది. నలుగురి ముందు చెప్పేటప్పుడు మనిషి తన ప్రతిష్ఠను చూసుకుంటాడు. బృందంలో గంభీరమైన సాంఘిక నవలలను మెచ్చుకునే వ్యక్తి, రాత్రి పడుకునే ముందు దయ్యాల కథలు పెట్టుకోవచ్చు. అట్ట కనిపించదు కాబట్టి పక్కవారికి తెలిసే అవకాశమూ లేదు. యాప్‌లు నడిపేవారికి మాత్రం ఎవరు ఎక్కడ ఆపారో నిమిషాలతో సహా తెలుసు. అందుకే బృందాలు నెత్తిన పెట్టుకున్న పుస్తకానికి, చివరి దాకా విన్న పుస్తకానికి మధ్య పొంతన కుదరకపోతే అది సహజమే. తెలుగులో తర్వాత ఏవి రికార్డు చేయాలో తేల్చుకోవాల్సిన ప్రచురణకర్త ఈ రెండు లెక్కల మధ్య నలుగుతాడు, ఎందుకంటే రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా హక్కులు నడుస్తాయి గనుక ఆ గడువు దాటని ప్రతి శీర్షికకూ అనుమతి కావాలి, స్టూడియో ఖర్చు అదనం.

అలాంటివారు నన్నడిగితే, బృందంలో వచ్చే మెప్పుల కంటే రెండోసారి వచ్చే ప్రశ్నలను చూడమంటాను. “అద్భుతం” అని రాసినవారు మొదటి గంట దాటారో లేదో మనకు తెలియదు. “వీళ్లే సదివినయి ఇంకేమన్న ఉన్నయా సార్?” అని అడిగినవారు మాత్రం విన్నారు.